గెలిచినా గలా, ఓడినా గలా

హాకీ లీగు అయిపోయి వానలు మొదలయ్యాక నాకు పొద్దుపోదు. క్రికెట్ చూసేవాళ్ళకి ఈ బాధ లేదు. ఏడాది పొడుగునా ఏదో ఒక దేశంలో ఎవరో ఒకరు వాళ్ళ కోసం ఆడుతూనే ఉంటారు. మా ఆయన ఆ బాపతు. సోఫాలో కాళ్ళు చాపుకుని, ఎవరెవరు ఆడుతున్నారో కూడా సరిగ్గా తెలియని ఆట చూస్తూ, మధ్యమధ్యలో నా వైపు జాలిగా ఒక చూపు పారేస్తుంటారు. నా జట్టు మహానది టస్కర్స్. పేరు ఘనంగానే ఉంటుంది గానీ మా ఇంట్లో అందరం "ఏనుగులు" అనే అంటాం. శ్రీకాకుళంలో కాపురముంటూ ఒడిశా జట్టుని పట్టుకు వేలాడడమేమిటని అడిగేవాళ్ళకి నేను చెప్పేది ఒకటే. ఆమదాలవలసలో పొద్దున్నే రైలెక్కితే మధ్యాహ్నం భోజనం వేళకి భువనేశ్వర్‌లో దిగుతాను. మన రాష్ట్రంలోనే సగం ఊళ్ళకి అంత తొందరగా చేరలేను. దగ్గరున్నవాళ్ళు మనవాళ్ళు కాక మరెవరవుతారు?

ఈసారి మా ఏనుగులు అట్టడుగున నిలిచాయి. దాచుకోవడానికేం లేదు, ఊరంతా చూసిందే. మొదటి మూడు క్వార్టర్లూ చూస్తే వీళ్ళని మించిన జట్టు లేదనిపించేది. నాలుగోది రాగానే ఏం పట్టేదో, బంతిని సొంత గోలు ముందే అటూ ఇటూ తిప్పుకుంటూ, ఎవరో ఒకరి కాలికి తగిలించుకుని, అవతలివాళ్ళని బొట్టు పెట్టి పిలిచి మరీ పెనాల్టీ కార్నర్ ఇచ్చేవాళ్ళు. బెల్జియం నుంచి తెచ్చిన డిఫెండరు తాటిచెట్టంత ఉంటాడు, వంగాలంటే బద్ధకం. ముందు వరుసలో ఆడే అన్నదమ్ములిద్దరికీ మధ్య ఏం గట్టు తగాదా ఉందో గానీ, ఒకడికి బంతి దొరికితే రెండోవాడికి చచ్చినా ఇవ్వడు. ఆ మొత్తం జట్టులో నా మనసుకి నచ్చినవాడు గోల్‌కీపర్ ఒక్కడే. వాడు గోల్స్ వదల్లేదా అంటే చాలానే వదిలాడు. కానీ వాడే లేకపోతే ఆ అంకెలు చూసి మేం టీవీ అమ్ముకోవాల్సి వచ్చేది. పప్పులో రాళ్ళేరుతూ, తోటకూర బాగుచేస్తూ ఈ వానాకాలమంతా నేను వచ్చే ఏడాది జట్టుని కడుతూనే ఉన్నాను. ఎవరిని పంపినా, ఎవరిని తెచ్చినా, గోలు ముందు మాత్రం ఆ కుర్రాడినే నిలబెట్టాను.

మొన్న పొద్దున్న ఫోనులో వార్త వచ్చింది. జట్టువాళ్ళు ఎవరెవరిని ఉంచుకుంటున్నారో చెప్పేశారు. మాట్లాడుకోని అన్నదమ్ములిద్దరూ ఉన్నారు. వంగని బెల్జియం ఆయనా ఉన్నాడు. గోల్‌కీపర్ని వదిలేశారు. నాకు నిజంగా ఒళ్ళు మండిపోయింది. కాఫీ కప్పు బల్ల మీద ఎంత గట్టిగా పెట్టానో మా ఆయన టీవీ మీంచి తల తిప్పారు.

"ఏటయినాదే?"

"మా కీపర్ని తీసేసేరు."

"ఎవులో ఎవుల్నో తీసేసేరని ఆ కప్పేం సేసినాది?" అన్నారు. ఆ తర్వాత ఏమనుకున్నారో ఏమో, "ఇదీ ఓటమి కిందకే వస్తాదా? అరటిపళ్ళు తేవాలేటి?" అని మెల్లగా అడిగారు.

అరటిపళ్ళ సంగతి ఇక్కడ చెప్పాలి. మా ఇంట్లో ఎవరికి ఏ ఓటమి ఎదురైనా అరటిపళ్ళు కొని ఇరుగుపొరుగుకి పంచడం ఆచారం. గెలిస్తే కాదు, ఓడితే. పిల్లలు పరీక్ష తప్పినా, మా నాన్న మునిసిపాలిటీ ఎన్నికల్లో నిలబడి బొక్కబోర్లా పడినా, ఆ సాయంత్రం మా గుమ్మంలో పళ్ళు పంచారు. మా వీధి పిల్లలకి ఈ సీజనంతా పండగే. గేటు దగ్గర నిలబడి "ఆంటీ, ఏనుగులు ఓడిపోనాయా?" అని ఆశగా అడిగేవాళ్ళు. కాపురానికొచ్చిన కొత్తలో మా ఆయనకి ఇదంతా పిచ్చి వ్యవహారంలా తోచింది. ఈ ఆచారం ఎక్కడ పుట్టిందో విన్నాక మాత్రం తానే సంచి పట్టుకుని బజారుకి వెళ్ళడం మొదలుపెట్టారు.

ఆ రోజు విజయనగరం నుంచి మా అత్త ఫోన్ చేసింది. అత్తంటే మా నాన్న చెల్లెలు, కమల. ఎనభై దాటినా గొంతులో వణుకు లేదు. "ఒలే, నువ్వోపాలి ఇక్కడికి రా. మీ మావ పొద్దున్నించీ టిఫిను ముట్టనేదు. ఆ ఫోను సూస్తాడు, నిట్టూరుస్తాడు. నా పెళ్ళిలో కూడా ఇంత దిగులుగా ఉండనేదు," అంది. వెంటనే బయల్దేరాను. మా హరి మావ నేను చూసిన మొదటి గోల్‌కీపర్. హాకీ అంటే నాకీ పిచ్చి అంటించినవాడూ ఆయనే. బస్సు కిటికీలోంచి వాన జల్లు మొహాన కొడుతుంటే నాకు ఆమదాలవలసలో మా తాత కొట్టు, దాని వెనక ఇల్లు, ఆ ఇంట్లో గడిచిన ఒక వానాకాలం గుర్తొచ్చాయి.

తాత కొట్టు స్టేషను రోడ్డు మీద ఉండేది. ముందు కొట్టు, వెనక ఇల్లు. కళ్ళు మూసుకుని నడిచినా ఎక్కడున్నామో ముక్కే చెప్పేది. వీధి వైపు చింతపండు, బెల్లం. వాటిని దాటితే కొత్త గోనెసంచుల ఘాటు, గదిలో బస్తాల మీద పడుకున్న ధాన్యపు దుమ్ము. వంటింట్లోకి వస్తే నాన్నమ్మ వేసే ఇంగువ పోపు. తాత తెల్లారకుండానే లేచి, కొట్టుకి అడ్డంగా పెట్టిన చెక్కలు ఒక్కొక్కటీ తీసి గోడకి ఆనించి, వాకిట్లో నీళ్ళు జల్లి, సాంబ్రాణి వేసేవాడు. బోణీ అయ్యేదాకా ఇంట్లో ఎవరూ ఆయనతో మాట్లాడకూడదు. బోణీ అయ్యాక ఆయన మాట్లాడుతూనే ఉండేవాడు, ఎవరూ ఆపకూడదు. వాన పడితే స్టేషన్లో దిగినవాళ్ళంతా మా అరుగు మీదే తలదాచుకునేవాళ్ళు. వాళ్ళ తడిబట్టల వాసన, బొగ్గు రైలు పొగ, తాత గొంతు, ఇవి మూడూ కలిస్తేనే నాకు వానాకాలం.

చింతపండు కొండల మీంచి వచ్చేది. ఒడియా వర్తకులు బుట్టలతో రైలు దిగి మా అరుగు మీద కూర్చుని బేరమాడేవాళ్ళు. వాళ్ళతో మాట్లాడీ మాట్లాడీ తాతకి ఒడియా వచ్చేసింది. వచ్చేసిందని ఆయన నమ్మకం. "నాకు ఒడియా రాదేటి?" అనని పూట ఉండేది కాదు. కేతే అంటే ఎంత, భల అంటే మంచిది, ఆణ అంటే తీసుకురా. అంకెలన్నీ వచ్చు. చింతపండుకి ఎంత భాష కావాలో అంత భాషా ఆయన దగ్గర ఉంది. పిక్క తీసినది, పిక్క తీయనిది, పాతది, కొత్తది, తడిసినది, వీటన్నిటికీ ఒడియా మాటలు గడగడా చెప్పేవాడు. గెలవడం, ఓడిపోవడం అనే మాటలు మాత్రం ఆ బేరాల్లో ఎప్పుడూ అవసరం పడలేదు. ఆ సంగతి అప్పటికి ఎవరికీ తట్టలేదు, తాతకి అసలే తట్టలేదు.

హరి మా నాన్నమ్మ అన్నగారి కొడుకు. వాళ్ళది విజయనగరం, వాళ్ళదీ వ్యాపారమే. అయితే హరికి కొట్లో కూర్చోవడం చేతకాలేదు. ఒడిశా కొండల్లో ఒక మిల్లువాళ్ళు హాకీ జట్టు నడిపేవాళ్ళు. పేరుకి మిల్లులో ఉద్యోగం, పని మాత్రం ఆడడమే. ఇప్పుడు మనం ప్రొఫెషనల్ అని గొప్పగా అంటున్నామే, అదే ఇది. హరి ఆ జట్టుకి గోలు కాసేవాడు. మా అత్తకి వరసకి బావ. చిన్నప్పట్నుంచీ కమలకి హరి అనే నాన్నమ్మ అనుకుంటూ వచ్చింది. తాతకే మింగుడు పడేది కాదు.

"బంతికి అడ్డం నిలబడితే జీతమిస్తారేటే? ఆ మిల్లోలికి మతి పోనాదేటి?" అనేవాడు అన్నం తింటూ.

"నువ్వు సింతపండుకి అడ్డం కూకోనేదేటి? నీకు జనం ఇస్తన్నారు కదా," అనేది నాన్నమ్మ, వడియాల గిన్నె ఆయనకి అందకుండా జరుపుతూ. గుమ్మడి వడియాలు ఆవిడ మేనల్లుడి కోసం డబ్బాలో దాచేది. ఆయన అడిగితే అయిపోయాయనేది. ఆ డబ్బా ఎక్కడుందో మా అందరికీ తెలుసు, తాతకీ తెలుసు.

చివరికి తాత ఒక మెట్టు దిగాడు. మిల్లువాళ్ళు హరిని పర్మనెంటు చేస్తే పిల్లనిస్తానన్నాడు. చేయకపోతే ఇంక ఆ ఊసెత్తొద్దన్నాడు. నర్సన్నపేటలో ఒక బట్టలకొట్టు సంబంధం అప్పటికే ఆయన చూసి పెట్టుకున్నాడు. ఆ అబ్బాయి మూరవేసి గుడ్డ చింపుతుంటే చూడముచ్చటగా ఉంటుందని మాకు రోజూ చెప్పేవాడు. అత్త ఆ మాట వినగానే లేచి దొడ్లోకి వెళ్ళిపోయేది.

వానాకాలంలో మిల్లు జట్టుకి ఆటలుండవు. మైదానం చెరువైపోయేది. హరి కొన్నాళ్ళు మా ఇంటికి వచ్చి ఉండేవాడు. ఆ ఏడాది వచ్చినప్పుడు మాత్రం వట్టి చేతులతో కూర్చోలేదు. మిల్లులో ఇద్దరు గోల్‌కీపర్లు ఉన్నారట, ఒకరినే పర్మనెంటు చేస్తారట. వానలు కాస్త తెరిపిచ్చాక ఇద్దరినీ చెరో పక్క నిలబెట్టి ఒక ఆట ఆడిస్తారట. గెలిచిన పక్క కాసినవాడు ఉంటాడు, ఓడినవాడు ఇంటికి. అందుకని దొడ్లో రాలిపడ్డ కొబ్బరి పిందెలన్నీ పోగుచేసి, గోడకి ఆనుకుని నిలబడి, వాటిని విసరమనేవాడు. విసిరేది మా అత్త. నన్ను అంపైరుగా నిలబెట్టేవాళ్ళు. నాన్నమ్మ వచ్చి ఏం చేస్తున్నారని అడిగితే "ఆట" అని చెప్పడం నా ఉద్యోగం. ఆవిడకి తెలియకనా, అడగాలి కనక అడిగేది.

మా అత్త విసురు మామూలు విసురు కాదు. పైట బొడ్లో దోపుకుని, ఒక అడుగు ముందుకేసి, మోకాలు ఎత్తున విసిరేది. హరి కాళ్ళతో ఆపేవాడు, చేతులతో ఆపేవాడు, కొన్నిసార్లు పొట్టతో ఆపేవాడు. "మెల్లిగా ఇసురే, సచ్చిపోతాను," అని నవ్వేవాడు. "మిల్లులో ఆల్లు మెల్లిగా కొడతారేటి?" అని ఇంకాస్త గట్టిగా విసిరేది. ఒక్క పిందె వదిలేసినా ఆవిడ మొహం మాడిపోయేది. అప్పుడు నేను అది ఆటే అనుకున్నాను. తన పెళ్ళి తన చేత్తో తనే విసురుతోందని నాకు చాలా ఏళ్ళకి గాని అర్థం కాలేదు. ఇప్పటికీ పెనాల్టీ కార్నర్ కొట్టేముందు మా ఏనుగుల గోల్‌కీపర్ వంగి నిలబడితే, తడిసిన దొడ్డిగోడ ముందు మోకాళ్ళ మీద చేతులు పెట్టుకుని నవ్వుతున్న హరి మావే కనిపిస్తాడు.

హరి మిల్లుకి వెళ్ళిపోయాడు. ఆట రోజు వచ్చింది. మా ఇంట్లో ఫోన్ లేదు, ఎదురుగా ఉన్న రైసు మిల్లు ఆఫీసులో ఉండేది. ఏ సంగతైనా అక్కడికి ట్రంకు కాల్ చేయిస్తానని హరి చెప్పి వెళ్ళాడు. ఆ సాయంత్రం పిలుపు రాగానే తాత కండువా భుజాన వేసుకుని రోడ్డు దాటాడు. నేను ఆయన వేలు పట్టుకుని పరిగెత్తాను. అవతల మాట్లాడుతున్నది హరి కాదు, మిల్లు ఆఫీసులోని ఒడియా గుమస్తా. లైనంతా గరగర. తాత ఫోనుని చెవికి అదిమి పెట్టి, తనకి బాగా వచ్చిన ప్రశ్న అడిగాడు.

"కేతే? కేతే?" అని అరిచాడు. ఎంత, ఎంత అని.

అవతలి మనిషి ఏదో చెప్పాడు. తాత మళ్ళీ చెప్పమన్నాడు. మళ్ళీ చెప్పాడు. తాత ఫోన్ పెట్టేసి, ఆఫీసులో అందరి వైపూ చూసి, "హరి గెలా! తిని ఏక! మూడు ఒకటి! మావోడు గెలిసేడు!" అన్నాడు. తిని అంటే ఒడియాలో మూడని, ఏక అంటే ఒకటని నాకూ తెలుసు. ఇంక అనుమానించడానికేముంది?

ఆ తర్వాత తాత చేసిన పని మా ఇంటి చరిత్రలో అంతకుముందు లేదు. ఎవరికైనా కొసరు వేయాలంటే బెల్లం ముక్కని రెండుగా విరిచి చిన్నది వేసే మనిషి, బండి మీద వెళ్తున్న అరటిగెలని ఆపి నిండు గెల కొన్నాడు. గుమస్తా గెలా అన్నాడట, అందుకని గెలే కట్టాలట. కొట్టు ముందు దూలానికి వేలాడదీసి, "మా అల్లుడు గెలిసేడు, తలో పండూ తీసుకోండి," అని స్టేషను నుంచి వచ్చేవాళ్ళందరినీ పిలిచాడు. జట్కావాళ్ళు తిన్నారు, కూలీలు తిన్నారు, టిక్కెట్లమ్మే ఆయన వచ్చి రెండు తిన్నాడు. తాత నోట అల్లుడనే మాట రావడం అదే మొదలు. నాన్నమ్మ గుమ్మంలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. వంటింట్లో అత్త మూకుడు ముందు కూర్చుని ఉంది. పోపు మాడి పొగ లేస్తున్నా కదల్లేదు. నేను వెళ్ళి భుజం మీద చెయ్యి వేస్తే నన్ను దగ్గరికి లాక్కుని ఊపిరాడకుండా కావలించుకుంది. ఆ రోజు మా ఇల్లంతా మాడిన ఆవాల వాసన. అంత మంచి వాసన నేను మళ్ళీ చూడలేదు.

మర్నాడు పొద్దున్న రైల్లో హరి దిగాడు. పక్కబట్టలు చుట్టిన హోల్డాలు ఒక భుజాన, హాకీ కర్ర ఇంకో చేత్తో. స్టేషను నుంచి మా కొట్టు దాకా ఉన్న ఆ కాస్త దూరంలో అతనికి ఎదురైనవాళ్ళంతా పలకరించారట. "ఏటి బావూ, నీ గెల బాగున్నాది!" అని ఒకడు. "ఇలాగే ఇంకోపాలి ఆడు బావూ, మల్లీ తింటాం!" అని ఒకడు. కొట్టు ముందుకి వచ్చేసరికి హరి మొహం కందగడ్డలా ఉంది.

"మావా, నేనేం పాపం సేసేనని ఊరంతా నన్నెక్కిరిస్తన్నారు?" అన్నాడు.

"ఎక్కిరించడమేటిరా? గెలిసినోడివి. పళ్ళు తిన్నారు, సంతోషంగా సెప్తన్నారు."

"గెలవడమేటి మావా? ఓడిపోనాను. నన్ను తీసేసేరు. నా నోటితో సెప్పలేక గుమస్తా సేత ఫోన్ సేయించేను కదా."

తాత తక్కెడ కింద పెట్టాడు. "సేయించేవు. హరి గెలా అన్నాడు. ఈ సెవితో నేనే ఇన్నాను."

"హారిగలా అన్నాడు మావా. ఒడియాలో హారిగలా అంటే ఓడిపోనాడని."

"మరి గెలిస్తే ఏటంటారు?"

"జితిగలా అంటారు."

తాత కాసేపు పెదవులు కదుపుతూ ఆ రెండు మాటల్నీ పక్కపక్కన పెట్టి చూసుకున్నాడు. తర్వాత ఆయనకి నిజంగా కోపం వచ్చింది. "అందులోనూ గలాయే ఉన్నాది కదరా! గెలిసినా గలా, ఓడినా గలా! ఇదేం బాసరా, మనిషికి ఎలా తెలస్తాది?" అని అరిచాడు. అరుగు మీద కూర్చున్న చింతపండు వర్తకుడు తనని తిడుతున్నారనుకుని లేచి నిలబడ్డాడు.

దూలానికి పళ్ళన్నీ పోయి ఉత్త కాడ వేలాడుతోంది. తాత దాని వైపు చూశాడు, హరి వైపు చూశాడు, కళ్ళు దించేసుకున్నాడు. ఆయన మనసులో బట్టలకొట్టు అబ్బాయి మళ్ళీ మూరవేస్తున్నాడని నాకు తెలిసిపోయింది. అప్పుడు లోపలి నుంచి అత్త వచ్చింది. మగవాళ్ళు కొట్లో మాట్లాడుకుంటుంటే ఆడపిల్ల గడప దాటే ఇల్లు కాదు మాది. దాటి వచ్చి, తక్కెడ పక్కన నిలబడింది.

"నాన్నా, నిన్న నువ్వు బజారందరి ముందరా అల్లుడన్నావు. ఎవుల్ని అన్నావు? గెలిసినోడినా, హరి బావనా?"

తాత జవాబు చెప్పేలోగా ఎవరో చింతపండు కావాలంటూ వచ్చారు. ఆయన తూచాడు. కాగితంలో చుట్టాడు. దారం కట్టాడు. అంత నెమ్మదిగా ఆయన పొట్లం కట్టడం నేనెప్పుడూ చూడలేదు. వచ్చినవాళ్ళు వెళ్ళాక, అత్త వైపు చూడకుండా హరితో అన్నాడు.

"నీకు దారంతా సెప్పేరు గెలిసేవని. నేనూ అదే అనుకున్నాను. నువ్వు ఊరుకుంటే నాకెప్పటికి తెలిసును? ఊరుకోనేదు. ఇంతమంది పళ్ళు తిన్నాక నేను మాట మార్సితే రేపు నా తూకం ఎవులు నమ్ముతారు? కూకో అల్లుడా. ఒలే, ఆడికి కాఫీ ఇయ్యి."

"నాకిప్పుడు పని నేదు మావా," అన్నాడు హరి.

"పని ఎక్కడికి పోద్ది, దొరుకుతాది. ముందు ఆడిని కాళ్ళు కడుక్కోనీ," అంటూ నాన్నమ్మ వడియాల డబ్బా అందరి ముందూ బయటికి తీసింది. హరి హోల్డాలు మీదే కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. అత్త పక్కన నిలబడి నవ్వుతోంది. ఒకరు ఏడుస్తుంటే ఒకరు నవ్వడం, రెండూ సంతోషానికే కావడం, ఆ వయసులో నాకు వింతగా ఉండింది. ఇప్పుడు తలచుకుంటే నా కళ్ళే తడుస్తాయి.

ఆ శ్రావణంలోనే పెళ్ళయింది. హరి మావకి తర్వాత విజయనగరం స్కూల్లో డ్రిల్లు మాస్టారుగా పని దొరికింది. కర్రలు దొరక్కపోతే వెదురు గడలు వంచి పిల్లలకి హాకీ నేర్పాడు. మా ఇంట్లో "హరిగలా" అనేది మాటైపోయింది. కూర మాడినా హరిగలా, రైలు తప్పినా హరిగలా. పెద్ద హరిగలా అయితే అరటిపళ్ళు. తాత మాత్రం పోయేదాకా తన ఒడియాలో తప్పు లేదనే వాదించాడు. తప్పంతా ట్రంకు కాల్ లైనుదట.

నేను వెళ్ళేసరికి మావ వరండాలో కూర్చుని ఫోనుని ముక్కుకి ఆనించి ఆ వార్తే మళ్ళీ చదువుతున్నాడు. ఇద్దరం కలిసి మా ఏనుగుల యజమానుల్ని మనసారా తిట్టుకున్నాం. అది చాలా హాయిగా ఉంటుంది, సీజన్ లేనప్పుడు అభిమానికి మిగిలే సుఖం అదొక్కటే. బెల్జియం ఆయన్ని ఇంటికి పంపాం, అన్నదమ్ముల్ని విడదీసి వేరే జట్లకి ఇచ్చేశాం. మావ లేచి నిలబడి, ఆ కుర్రాడు కార్నర్‌కి ఎలా ముందుకి ఉరుకుతాడో చేసి చూపించబోతే అత్త లోపలి నుంచే "నడుం పట్టేస్తాది, కూకో," అని కేకేసింది. నన్ను చూసి మావకి ఆకలేసిందట. ఇద్దరం రెండేసి ఇడ్లీలు ఎక్కువే తిన్నాం.

తిన్నాక ఆయన నెమ్మదిగా అడిగాడు, ఆ సంగతి ఆ కుర్రాడికి ఎవరు చెప్పి ఉంటారని. ఎవరో చెప్పేదేముంది, మనకి వచ్చినట్టే వాడికీ ఫోనులో వచ్చుంటుంది, ఒకే క్షణంలో ఊరందరికీ తెలిసుంటుంది అన్నాను. మావ తల పంకించాడు. నేనూ ఆలోచనలో పడ్డాను. ఇప్పటి ఆట మా కాలం ఆట కంటే ఎన్నో రెట్లు నయం. నీలం టర్ఫు మీద బంతి జారుతుంటే చూడ్డానికి రెండు కళ్ళూ చాలవు. ఆడే పిల్లలకి మంచి తిండి, మంచి డబ్బు, దెబ్బ తగిలితే డాక్టరు. పాతవన్నీ బంగారం అనే రకాన్ని కాను నేను. కానీ ఇప్పుడు ఏ వార్తా తప్పుగా వినబడదు. ఓడినవాడు ఓడినట్టే, తీసేసినవాడిని తీసేసినట్టే, అక్షరం పొల్లుపోకుండా అందరికీ చేరిపోతుంది. మధ్యలో ఒక సాయంత్రమైనా ఎవరూ పొరపాటుగా సంతోషించే వీలు లేదు. అదొక్కటీ నాకు బాధగా ఉంది.

"ఆ కుర్రోడికి పెళ్ళయినాదా?" అన్నాడు మావ.

నాకు తెలియదన్నాను. వాడి గోల్స్ లెక్క తెలుసు గానీ ఆ సంగతి తెలుసుకోవాలని ఎప్పుడూ తోచలేదు.

"అవనేకపోతే మాత్రం, ఆడికి పిల్లనిచ్చేవోడు మీ తాతలాగా తప్పు ఇనేవోడు దొరకాల. నేనింకేటీ కోరను."

అత్త చెయ్యి తుడుచుకుంటూ వంటింట్లోంచి వచ్చింది.

"తప్పేటి ఇన్నాడు మా నాన్న?" అంది. "హరి గెలిసేడని ఇన్నాడు. సరిగ్గానే ఇన్నాడు."